ముందు మీరు పెట్టండి

ఫ్లీట్‌వుడ్‌లో గాలి ఎప్పుడూ ఎవరి మీదో కోపంగా వీస్తుంది.
బెట్టింగ్ షాపు పైన మా ఆఫీసు.
చిన్న వ్యాపారాలకు గ్రాంట్లిచ్చే బల్ల నాది.
ఇచ్చే బల్ల అన్నాను గానీ
నిజానికది అడిగే బల్ల.
అప్పు కాదు, తిరిగి కట్టక్కర్లేదు అని పోస్టరు మీద రాశాం.
ఉచితం అన్న మాట మాత్రం ఎక్కడా రాయలేదు.

జనవరి చివర ఒక మంగళవారం
మావిస్ థ్రెల్‌ఫాల్ వచ్చింది.
రేవు వెనక సందులో చేపలకు పొగబెట్టే కొట్టు ఆమెది.
ఆమె కంటే ముందు ఆమె కోటు వాసన కుర్చీలో కూర్చుంది:
ఓక్ చెక్కపొట్టు, ఉప్పు, హెర్రింగ్ నూనె.
"చల్లగది పోయేలా ఉంది" అంది,
ఇంట్లో ముసలి కుక్క గురించి చెప్పినట్టు.
కొత్తదానికి ముప్పయ్యారు వేల పౌండ్లు.

దరఖాస్తు ముప్పయ్యొక్క పేజీలు.
ఆరో ప్రశ్న: మీ వ్యాపారంలో నవ్యత ఏమిటి?
ఏమీ లేదు, మా నానమ్మ ఎలా చేసేదో అలాగే, అని రాసింది.
తొమ్మిదో ప్రశ్న: ఐదేళ్లలో ఎన్ని ఉద్యోగాలు సృష్టిస్తారు?
ఆలు లేదు, చూలు లేదు,
మా ఫారానికి మాత్రం కొడుకు పేరు ముందే కావాలి.
చాలాసేపు కిటికీలోంచి ట్రాము చూసి
ఒకటిన్నర అని రాసింది.
ఆ సగం ఎవరని అడిగాను.
"మా తమ్ముడి కొడుకు డ్యారెన్. మధ్యాహ్నం దాకా లేవడు."

నేను సాయం చేయకూడదు. అది రూలు.
ప్రశ్నను మళ్లీ చదవొచ్చు, కాస్త నెమ్మదిగా.
నెమ్మదిగా చదివాను.
ఏ మాట దగ్గర ఆగాలో ఆ మాట దగ్గర ఆగాను.
పొగ గురించి రెండు వందల యాభై మాటలు రాయమంటే
ఆమె తొంభైలో ముగించింది.
ఆ తొంభై మాటలు ప్యానెల్ ముందు పైకి చదివితే
పన్నుల లెక్కలు చూసే ఆయన కూడా గుటక వేశాడు.

ఏప్రిల్లో మంజూరైంది.
సగం మాది, సగం ఆమెది.
అదైనా సర్దుకునేది, చెల్లెలి దగ్గర చేబదులు తెచ్చి.
ముల్లు ఉత్తరం రెండో పేజీలో ఉంది:
మొత్తం ముందు ఆమే పెట్టి కొనాలి,
రసీదులు పంపాలి,
తనిఖీ అయిన మూడు నెలలకు మా సగం వస్తుంది.
కళ్లజోడు పైకెత్తి నన్ను చూసింది.
"ముందే కొనగలిగితే, తల్లీ, నీ దగ్గరికెందుకొస్తాను?"
జవాబుంది. పాలసీలో ఏడో పేరా.
పైకి చదవడానికి గొంతు రాలేదు.
కలిగినమ్మ గాజులు సవరించుకునేలోపు
లేనమ్మ ప్రాణం పోయిందంటారు మా వైపు.
ఇక్కడ గాజులు లేవు. తనిఖీ ఉంది.

బ్యాంకు వాళ్లు మా ఉత్తరం చూసి అభినందించారట.
దాని మీద అప్పు మాత్రం పుట్టలేదు.

జూన్లో వద్దని రాసిచ్చింది, ఒకే వాక్యం.
దాంతోపాటు పాత పేపర్లో చుట్టి రెండు కిప్పర్లు.
కానుకల రిజిస్టరు తీశాను:
పొగచేపలు రెండు, విలువ సుమారు నాలుగు పౌండ్లు,
స్వీకరించలేదు.
ఆ మధ్యాహ్నం సముద్రపు గోడ మీద కూర్చుని
చేత్తోనే తిన్నాను, ముళ్లు ఏరుకుంటూ.
సీగల్స్ చుట్టూ నిలబడ్డాయి ఆడిటర్లలా.
ఒక్కటీ నవ్వలేదు.

మార్చి ముప్పయ్యొకటి. మిగిలిన సొమ్ము లండన్‌కు వెనక్కి.
ఎందుకు మిగిలింది? అని ఒక గడి.
ఎంచుకోవడానికి మూడే జవాబులు.
"తగినంత ఆసక్తి లేకపోవడం" అన్నదానికి టిక్కు పెట్టాను.

కిందికొచ్చేసరికి ఎనిమిది దాటింది.
రేవు వెనక సందులో ఒక పొగగొట్టం ఇంకా పనిలో ఉంది.
పాత చల్లగది మోత వీధిలోకి వినిపిస్తోంది,
ఆగుతూ, మళ్లీ అందుకుంటూ.
అది ఆగినప్పుడల్లా నేనూ ఆగి,
అందుకునేదాకా నిలబడ్డాను.